పచ్చి మొవ్వు వాసన

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ వెనక ఉన్న కొబ్బరి చెట్టు కొట్టేశారు. ప్రహరీ మీదికి వాలిపోయింది, కరెంటు తీగలకి తగులుతోంది అని చాలా రోజులుగా అనుకుంటున్నదే. రంపం మిషను చప్పుడు ఆగాక నాలుగో అంతస్తులో మా బాల్కనీ దాకా ఒక వాసన వచ్చింది. పచ్చి పీచు, తడి కమ్మ, అడుగున ఎక్కడో కాస్త తీపి. చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను. కాసేపటికి వాచ్‌మన్ ఆ చెట్టు తలలోంచి మొవ్వు ఒలిచి, ముక్కలు కోసి, స్టీలు పళ్ళెంలో పెట్టుకుని ఇంటింటికీ పంచాడు. శ్రీకాకుళం మనిషి, దాని రుచి తెలిసినవాడు. మా అమ్మాయి రెండు ముక్కలు తిని "భలే తియ్యగా ఉంది నాన్నా, నువ్వూ తిను" అంది. నోట్లో పెట్టుకోలేకపోయాను. "కోనసీమ వాళ్ళయ్యుండి కొబ్బరి మొవ్వు వద్దంటారేంటి" అంది మా ఆవిడ. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని రాసిందే ఇదంతా.

మాది ముమ్మిడివరం దగ్గర ఒక ఊరు. సముద్రం కనబడదు గాని రాత్రి అన్నీ సద్దుమణిగాక హోరు వినిపిస్తుంది. పెంకుటిల్లు, ముందు సావిడి, వెనక దొడ్డి, దొడ్డి దాటితే మూడెకరాల కొబ్బరి తోట, ఆ పైన కాలువ. తోటలో 190 చెట్లుండేవి. చిన్నప్పుడు ఎన్నోసార్లు అర్ధరాత్రి మెలకువ వచ్చి వాన పడుతోందనుకుని, ఆరుబయట ఉన్న మంచం లోపల పెట్టాలని లేస్తే పైన చుక్కలుండేవి. వాన కాదు, కమ్మలు గాలికి ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళకి అది ఒక చప్పుడని కూడా తెలియదు. అది పోయాకే తెలుస్తుంది.

నలభై, నలభై అయిదు రోజులకోసారి దింపు. దింపు తీసేది ఒకే మనిషి, మేమంతా బాబాయి అనేవాళ్ళం. కాలువ గట్టు మీద తాటాకు పాకలో ఉండేవాడు. కాళ్ళకి తాడు బందం వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని, మాట్లాడుతూనే పైకి వెళ్ళిపోయేవాడు. పైనుంచి ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు, ఎవరి గేదె ఎవరి చేలో పడిందో, రేవు దగ్గరికి పంటు వచ్చిందో లేదో. ఏ చెట్టు ఎలాంటిదో ఆయనకి తెలుసు. "ఆయ్, ఈ చెట్టుకి కాయ చిన్నదండి, నీళ్ళు మాత్రం పంచదారండి" అని చెట్టు మెడ మీద తట్టేవాడు. గెలలు దబదబా పడుతుంటే మేము దూరంగా నిలబడి, ఆయన కేక వేశాక పరిగెత్తి కాయలు పోగేసేవాళ్ళం. సాయంత్రానికి సావిడి ముందు రాశి పడేది.

అప్పుడు తాతయ్య లెక్కకి కూర్చునేవారు. ఆయన లెక్క ఎప్పుడూ ఒకటితో మొదలయ్యేది కాదు. మొదటి కాయ తీసి పక్కన పెట్టి "లాభం" అనేవారు. తర్వాత రెండు, మూడు, నాలుగు. ధాన్యం కొలిచేటప్పుడూ అంతే. మా రోజుల్లో చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. బళ్ళో మాస్టారు అంకెలు చెప్పమంటే నేను లాభం, రెండు, మూడు అని మొదలుపెట్టి తన్నులు తిన్నానని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఏడాది, 1996, మొదటినుంచీ సముద్రం మనసు బాగాలేదు. జూన్‌లోనే ఒక తుఫాను వచ్చి విశాఖపట్నం వైపు తీరం దాటింది. వర్షాకాలం పోయాక కూడా వానలు పోలేదు. అక్టోబరంతా ముసురు, బోదెలు నిండి చేలగట్ల మీదికి నీళ్ళు, కట్టెలు తడిసి పొయ్యి రాజుకోక మామ్మ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. రేడియోలో ఎప్పుడు ప్రాంతీయ వార్తలు పెట్టినా అల్పపీడనం, వాయుగుండం అనే మాటలు. పదిసార్లు చెప్తే తొమ్మిదిసార్లు అది ఎటో వెళ్ళిపోతుంది. అందుకే జనం నమ్మడం మానేశారు, తప్పు పట్టలేం. తాతయ్య ఒక్కరే ప్రతిసారీ రేడియో పక్కకి చెవి పెట్టి, కాకినాడ రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో వినేవారు.

ఆయన భయానికి కారణం ఉంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మా ఊరి నుంచి బియ్యం, బట్టలు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో ఆయనా ఉన్నారు. లెక్కల్లోకి ఎక్కినవాళ్ళే 10 వేల దాకా అక్కడ పోయారు. ఆయన మనుషుల గురించి ఎక్కువ చెప్పేవారు కాదు, అడిగితే లేచి వెళ్ళిపోయేవారు. ఒక్క సంగతి మాత్రం పదేపదే చెప్పేవారు: చచ్చిన పశువుల్లో చాలావాటి మెడకి పలుపు అలాగే ఉందని, కట్టుగొయ్య దగ్గరే మునిగిపోయాయని.

చాలా ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను, ఇంగ్లీషులో సైక్లోన్ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, 1789లో కోరంగిని మూడు అలలు ముంచేసిన సంగతి గురించి కూడా రాశాడట. కోరంగి అంటే మాకు పొరుగే, యానాం దాటితే వస్తుంది. 1839లో మళ్ళీ ఉప్పెన వచ్చి ఆ రేవుని తుడిచిపెట్టేసింది. ఓడలు కట్టిన ఊరు, ఇప్పుడు చుట్టూ మడ అడవి. మేము చదువుకున్న పుస్తకాల్లో మాత్రం ఈ సంగతి ఎక్కడా కనబడలేదు. ఆ గట్టు మీద పుట్టిన పిల్లలకి చెప్పవలసిన మొదటి పాఠం అదే అనిపిస్తుంది నాకు.

సరే. నవంబరు 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులే ఉంది. నేను ఏడో తరగతి. ఎండబెట్టుకోవడానికి తెచ్చిన మతాబులు అటక మీద ఉన్నాయి, ఎండ రాలేదు. సార్వా చేలు పండి వంగి ఉన్నాయి, రెండు వారాల్లో కోతలు. పొద్దున్న గాలి ఆడలేదు, ఒళ్ళంతా జిడ్డుగా ఉక్క. తాతయ్య దొడ్లో నిలబడి ఏదో వింటున్నారు. ఎప్పుడూ రాత్రిపూట వినబడే సముద్రం ఆ రోజు పట్టపగలు వినబడింది. హోరు కూడా కాదు, బరువైన బండి ఏదో చాలా దూరంలో వంతెన మీద పోతున్నట్టు ఒకటే మోత.

మధ్యాహ్నం బడి వదిలేశారు. ఇంటికొచ్చేసరికి గాలి ఉత్తరం నుంచి మొదలైంది. ముందు విసురు, కాసేపు ఆగడం, మళ్ళీ విసురు. మూడింటికి ఆగడం మానేసింది. తాతయ్య పశువుల పాకలోకి వెళ్ళి రెండు గేదెలకీ ఆవుకీ దూడకీ పలుపులు విప్పేశారు. మామ్మ "ఈ గాలిలో ఎక్కడికి పోతాయండీ" అని ఏడుపు గొంతుతో అరిచింది. "ఎక్కడికైనా పోనీ, కట్టేసి చంపలేను" అన్నారు.

చీకటి పడేసరికి కాలువ గట్టు మీది పాకల వాళ్ళందరూ మా సావిడిలోకి వచ్చేశారు. ముప్ఫై మందికి పైనే. బాబాయి, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి. కరెంటు ఎప్పుడో పోయింది. ఒక లాంతరు. కృష్ణపక్షం చివరి రోజులు, బయట చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. అందుకే ఆ రాత్రి నాకు కళ్ళతో గుర్తు లేదు, చెవులతోనే గుర్తుంది. పెంకులు లేచిపోయేటప్పుడు ఒక్కోటి కాదు, పేకముక్కలు కలిపినట్టు వరసగా గిలగిలమంటూ పోయాయి. గెలల నుంచి తెగిన కాయలు గోడలకి వచ్చి తగులుతున్నాయి. చెట్లు విరిగేటప్పుడు పెద్ద చప్పుడు వస్తుందనుకుంటాం, అలా రాలేదు, గాలి చప్పుడులో అవి చెరుకుగడ విరిచినట్టు చిన్నగా, పొడిగా వినబడ్డాయి. ప్రతిదానికీ బాబాయి తల ఎత్తేవాడు. కాసేపటికి ఆయన గొణుక్కుంటున్నది అర్థమైంది నాకు. ఏ వైపు నుంచి చప్పుడొచ్చిందో దాన్నిబట్టి ఏ చెట్టు పోయిందో చెప్పుకుంటున్నాడు. "కాలువ మూల ఎర్రకాయల చెట్టు... రేవుగట్టు జంటలో పెద్దది..."

తొమ్మిది దాటాక, పదవుతోందేమో, గాలి ఆగిపోయింది. తగ్గలేదు, ఆగిపోయింది. చెవుల్లో గుయ్యిమని శబ్దం. పిల్లలు ఏడుపు ఆపారు. ఎవరో దేవుడికి దండం పెట్టుకున్నారు, మామ్మ పొయ్యి వెలిగించి గంజి కాయనా అని అడిగింది. బాబాయి తలుపు తీసి బయటికి ఒక అడుగు వేశాడు.

"ఒరే, ఆగరా! ఇది సగమేరా. ఇప్పుడు దక్షిణం నుంచి తిరుగుద్ది" అని తాతయ్య కేక.

"ఆయ్, మేకలండి అయ్యగారండి, పాకలో కట్టేసి వచ్చేశానండి. ఇప్పుడే వచ్చేస్తానండి" అని చీకట్లోకి పరిగెత్తాడు.

ఆ కాసేపు ఎంతసేపో నేను చెప్పలేను. ఆయన తల్లి గుమ్మం పట్టుకుని కూర్చుంది, ఎవరు లాగినా రాలేదు. తర్వాత నిజంగానే గాలి దక్షిణం నుంచి వచ్చింది, ఈసారి విసురుతో మొదలవ్వలేదు, ఒక్కసారిగా గోడలా వచ్చి పడింది. సావిడి పైకప్పు అప్పుడే పోయింది. అందరం ధాన్యం కొట్టుగదిలోకి దూరిపోయాం, ముప్ఫై మందిమి ఒకరి మీద ఒకరం. బాబాయి ఎప్పుడు వచ్చాడో తెలియదు, చీకట్లో నా కాళ్ళ మీద తడి బొచ్చు తగిలితే మేక అని తెలిసింది. ఒక్కదాన్నే తేగలిగాడు. దాన్ని కావిలించుకుని తెల్లారేదాకా వణుకుతూ కూర్చున్నాడు. తాతయ్య ఆయన్ని ఏమీ అనలేదు, తన దుప్పటి తీసి కప్పారు.

పొద్దున్న తలుపు తీస్తే వెలుగు. అంత వెలుగు మా ఇంట్లోకి ఎప్పుడూ వచ్చి ఉండదు. మా దొడ్లో ఎండ అంటే కమ్మల సందుల్లోంచి ముక్కలు ముక్కలుగా పడేదే, ఆ రోజు ఆకాశం మొత్తం దిగిపోయింది. పక్కూరి గుడి గోపురం మా అరుగు మీంచి కనబడింది. అది అటు ఉందని కూడా నాకు తెలియదు. తోటలో చెట్లు కొన్ని దక్షిణం వైపు తలలు పెట్టి, కొన్ని ఉత్తరం వైపు తలలు పెట్టి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ముందు గాలికి పోయినవి ఏవో, తిరుగు గాలికి పోయినవి ఏవో చూస్తేనే తెలిసిపోతోంది. కాకి అరుపు కూడా లేదు. ఆ వాసన మాత్రం ఊరంతా నిండిపోయింది, పచ్చి మాను, పచ్చి కమ్మ, చితికిన కాయ.

తాతయ్య మానుల మీంచి దాటుకుంటూ తోట మొదటికి వెళ్ళారు. వెనకాల నాన్నగారు, బాబాయి, నేను. మొదట పడిన చెట్టు మీద చెయ్యి వేసి "ఒకటి" అన్నారు.

నా చెవులు నేనే నమ్మలేదు. ఆయన నోట ఆ మాట అలా వినడం అదే మొదటిసారి. రెండు, మూడు అంటూ వెళ్ళారు. నూటయాభై దాటాక గొంతు రాక చేత్తో చూపిస్తే నాన్నగారు లెక్క అందుకున్నారు. 163 పోయాయి. 27 నిలబడ్డాయి, అవి కూడా తలలు మెలితిరిగిపోయి.

మేము చెట్లు లెక్కపెట్టుకుంటున్నాం. సముద్రం ఒడ్డున మనుషుల్ని లెక్కపెడుతున్నారు. ఆ కబురు మాకు రెండు రోజుల తర్వాత గాని సరిగ్గా అందలేదు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు ఊళ్ళు, వేటకెళ్ళిన పడవలు, రొయ్యపిల్లలు పట్టుకోవడానికి కుటుంబాలతో సహా వెళ్ళి ఒడ్డు మీద పాకలు వేసుకున్నవాళ్ళు. మొత్తం 1000 మందికి పైగా పోయారని తర్వాత లెక్క తేలింది, దొరకనివాళ్ళు వేరే. నాన్నగారు ఒకసారి బియ్యం మూట తీసుకుని అటు వెళ్ళి వచ్చారు. ఆడవాళ్ళు ఏటిగట్టు మీద వరసగా కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నారని, ఎవరూ ఏడవడం లేదని ఒక్క మాట చెప్పి పడుకున్నారు. హెలికాప్టర్ వచ్చి పొట్లాలు వేస్తే మేము పిల్లలం దాన్ని చూడ్డానికి సంతోషంగా పరిగెత్తాం. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది, కానీ పరిగెత్తాం.

మా గేదెలు రెండూ మూడో రోజున బురద పూసుకుని వాటంతటవే వచ్చాయి. ఆవు, దూడ రాలేదు.

ఇక మొవ్వు సంగతి. కొబ్బరి చెట్టు తలలో, కమ్మల మొదళ్ళన్నీ ఒలిచేస్తే మధ్యలో తెల్లగా, మెత్తగా ఉంటుంది. దాన్ని తీస్తే చెట్టు చచ్చిపోతుంది. కాబట్టి మామూలు రోజుల్లో ఎవరూ తియ్యరు, ఏ పిడుగు పడ్డ చెట్టుకో ఏళ్ళకోసారి దొరికితే ఊరంతా తలో ముక్క పంచుకుంటారు. ఆ వారం మాత్రం 163 మొవ్వులు. ధాన్యం తడిసి మొలకెత్తుతోంది, వండుకోవడానికి పొడి కట్టె లేదు. బాబాయి ఒక్కో తల నరికి మొవ్వు తీసి పిల్లల చేతుల్లో పెట్టేవాడు. కడుపునిండా అదే తిన్నాం. నా జీవితంలో తిన్న తియ్యటి వస్తువుల్లో అదొకటి, అబద్ధం చెప్పను. మామ్మ మాత్రం ముట్టుకోలేదు. ఆ చెట్లలో సగం ఆవిడ కాపరానికొచ్చిన కొత్తల్లో కడవలతో నీళ్ళు మోసి పెంచినవి. పళ్ళెం ముందు పెడితే పక్కకి జరిపి "మీరు తినండమ్మా, నాకు సయించదు" అనేది. నాలుగో రోజుకి నాకూ ఎందుకో అర్థమైంది. అర్థమయ్యాక కూడా ఆకలికి తిన్నాను.

దీపావళి నాడు కిరసనాయిలు లేక ఊరంతా చీకటి. గుమ్మంలో ఒక్క ప్రమిద పెట్టారు. నలభై రోజుల దాకా కరెంటు లేదు. డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో మళ్ళీ ఇంకోటి, సముద్రంలోనే గుండ్రంగా చుట్టు తిరిగి, ఎటు వస్తుందో ఎవరికీ అంతుపట్టకుండా వారం రోజులు తిప్పలు పెట్టి, చివరికి చెన్నై దగ్గర తీరం దాటింది. ఆ వారం మా ఊళ్ళో ఎవరూ నిద్రపోలేదు. పైన పెంకుల బదులు పట్టాలు కప్పుకుని ఉన్నాం, పట్టా టపటపమంటే చాలు మా చెల్లి కొట్టుగదిలోకి పరిగెత్తేది. పెళ్ళయ్యేదాకా ఆ అలవాటు పోలేదు దానికి.

ఇప్పుడు ప్రతి తుఫానుకీ పేరుంది. మన సముద్రాల్లో పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. మా దానికి పేరు లేదు, తొంభై ఆరు గాలివాన అంటారు మా వాళ్ళు, అలా అంటే చాలు, ఎదుటివాళ్ళు కూర్చుంటారు, వాళ్ళదీ ఒక రాత్రి ఉంటుంది చెప్పడానికి.

పడిపోయిన మానులు కొనేవాళ్ళు లేరు. కోనసీమలో లక్షల చెట్లు ఒక్కరాత్రిలో పడితే ఎవరు కొంటారు. కొన్ని వంటకట్టెలకి, కొన్ని పాకల దూలాలకి, మిగతావి తోటలోనే పుచ్చిపోయాయి. పక్క తోటల వాళ్ళు కొందరు కొన్నాళ్ళు చూసి చెరువులు తవ్వించేశారు. తాతయ్య ఒప్పుకోలేదు. నిలబడ్డ 27 చెట్లకీ మళ్ళీ కాపు రావడానికి చాలాకాలం పట్టింది. వచ్చాక ఆ కాయలు ఒక్కటి కూడా అమ్మనివ్వలేదు. "ఆ గాలికి నిలబడ్డ చెట్లురా ఇవి, విత్తనం వీటిదే" అని మళ్ళు కట్టించి నారు పోయించారు. దింపు బాబాయే తీశాడు. ఎక్కేటప్పుడు కబుర్లు లేవు. పైన చాలాసేపు ఉండిపోయాడు, నాన్నగారు కింద నుంచి పిలిస్తే గాని దిగలేదు. 27 చెట్లతో ఆయన కుటుంబం ఎలా గడుస్తుంది, ఊళ్ళో అన్ని తోటలదీ అదే పరిస్థితి. మరుసటి ఏడు భార్య కువైట్ వెళ్ళింది, ఆయన పిల్లల్ని తల్లి దగ్గర వదిలి హైదరాబాదులో భవనాల పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు రోజు గోతులు తీసి మొక్కలు నాటి మరీ వెళ్ళాడు. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు.

మొక్కలు కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. తాతయ్య అంతవరకూ లేరు. ఆయన పోయిన రోజున బాబాయి హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా తోటంతా ఒకసారి తిరిగి, పాడె మోసి, మళ్ళీ బస్సెక్కేశాడు. తర్వాత ఆయన్ని నేను చూడలేదు. ఈ నగరంలోనే ఉన్నాడేమో అని కొబ్బరిబోండాల బండి దగ్గర ముసలివాళ్ళెవరైనా కనబడితే ఇప్పటికీ ముఖం చూస్తాను.

ఇదంతా రాస్తూ రాస్తూ తెల్లారిపోయింది. నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన నాలుగింటికే లేస్తారు. చెట్టు కొట్టేసిన సంగతి చెప్పి, మన పాత చెట్లు, ఆ 27లో ఇప్పుడెన్ని ఉన్నాయండీ అని అడిగాను. "ఎక్కేవాళ్ళు లేరురా, వాటంతట అవి రాలితే ఏరుకోవడమే. ఎన్నున్నాయో చూసి చెప్తా, ఉండు" అని చెప్పులు వేసుకున్నారు. ఫోన్ చేత్తో పట్టుకునే దొడ్డి తలుపు తీశారు. కిర్రుమన్న చప్పుడు, ఆ వెనక కమ్మల చప్పుడు, ఒక్క క్షణం వాన పడుతోందేమో అనుకున్నాను. ఎండుటాకుల మీద నడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"లాభం... రెండు... మూడు..."

పదకొండు దగ్గర ఆగారు.